అన్నయ్య చెవి

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. పాతికేళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నా అది తగ్గలేదు. ఆ కోపంతో ఒక మనిషికి మిగిలిన ఒకే ఒక్క గొప్పని ఎలా పోగొట్టానో చెప్పుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ఆ మనిషి మా అన్నయ్యే. జగ్గయ్యపేట చుట్టూ ఉన్న సున్నపురాయి క్వారీల్లో ముప్పై ఏళ్ళు టిప్పరు నడిపాడు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాక, రేకుల పంచలో ప్లాస్టిక్ కుర్చీకి అతుక్కుపోయాడు. ఇంజిను చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తాడని పేటలో బళ్ళున్నవాళ్ళకు తెలుసు. సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరు ఆటోనో ట్రాక్టరునో మా గేటు ముందు ఆపి, స్టార్టు చేసి వినిపించేవారు. అన్నయ్య కళ్ళు మూసుకుని వినేవాడు. బేరింగు అరుస్తోందనో, నాజిల్ చూపించుకోమనో చెప్పేవాడు. ఆ కాసేపూ అతను మళ్ళీ డ్రైవరే. బళ్ళు రాని రోజు అన్నం కూడా సరిగ్గా తినడని వదిన అనేది.

మాది ఒకే ఇల్లు, చెరో వాటా. నా ఉద్యోగం నందిగామలో. రోజూ బస్సులో నిలబడి వెళ్ళలేక, మైలవరంలో ఒకాయన అమ్ముతున్న పాత డీజిలు కారు చూశాను. మా అన్నయ్యకు వినిపించందే కొననన్నాను. ఆయన విసుక్కుంటూనే పేట దాకా తెచ్చాడు. అన్నయ్య ఆ ఇంజినును రెండుసార్లు ఆపించి, మళ్ళీ స్టార్టు చేయించి, చాలాసేపు విన్నాడు. ఇంజిను గట్టిదని, ఇంక ఆలోచించకుండా తీసుకోమని చెప్పాడు. తీసుకున్నాను.

ఎండాకాలమంతా లీటరుకు ఇరవై దాకా ఇచ్చింది. వానలు పడ్డాక నీరసించింది. యాక్సిలరేటరు ఎంత తొక్కినా ఊపు రాదు. హైవే మీద లారీని దాటబోయి, దాటలేక, హారన్లు మోగుతుంటే మళ్ళీ దాని వెనకే చేరేవాణ్ణి. ఫ్లైఓవరు ఎక్కాలంటే రెండో గేరు వెయ్యాల్సిందే. వెనక నల్లటి పొగ. మైలేజీ పన్నెండుకు పడిపోయింది. టైర్లలో గాలి సరిచూయించాను. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని, ఆగిన వెంటనే చక్రాల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూశాను. డీజిలు ఫిల్టరు మార్పించాను, బంకు మార్చాను. ఏదీ పనిచెయ్యలేదు. ఒక పొద్దున నేను కారు బయటికి తీస్తుంటే అన్నయ్య కుర్చీలోంచే, గాలి ఫిల్టరు తీసి చూశావా అని అడిగాడు. కొత్తదే వేశాను, అది కాదులే అని కసిరాను.

నందిగామలో మెకానిక్ కూడా అదే అడిగితే అతనికీ అదే జవాబు చెప్పాను. మాస్టారు చెప్పారు కదా అని అతను దాని జోలికి పోలేదు. నడిపి చూసి, ఇంజినులోకి గాలి తోసే టర్బో పోయిందన్నాడు. ఇంజిను కూడా విప్పాల్సి రావచ్చన్నాడు. ఇలాంటి బండి కొనమన్నవాడికి బళ్ళ సంగతి బొత్తిగా తెలియదని కూడా అన్నాడు.

పేట చేరేదాకా దారంతా ఆ చివరి మాటే నాలో రగులుతూ ఉంది. ఇంటికొచ్చేసరికి గేటు ముందు ఒక ట్రాక్టరు, రెండు ఆటోలు ఉన్నాయి. అన్నయ్య కళ్ళు మూసుకుని ట్రాక్టరు చప్పుడు వింటున్నాడు. నేను కారు దిగి, తలుపు దబాలున వేసి, అందరి ముందూ అనేశాను.

"కాలూ చెయ్యే పోయాయనుకున్నా. నీ చెవి కూడా పోయిందన్నయ్యా."

ట్రాక్టరతను ఇంజిను ఆపేశాడు. అన్నయ్య నా వైపు చూడలేదు. మెకానిక్కి చూపించుకోమని ఆ ట్రాక్టరతనికి నెమ్మదిగా చెప్పాడు. మర్నాడు వచ్చినవాళ్ళకూ అదే చెప్పాడు. మూడో రోజు నుంచి ఎవరూ రాలేదు.

ఆ వారాంతంలో టర్బో విప్పించడానికి పేటలోనే ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. పెద్ద వయసు మనిషి. నేను చెప్పుకుపోతుంటే ఊఁ కొడుతూనే గాలి ఫిల్టరు డబ్బా క్లిప్పులు ఊడదీశాడు. లోపల మా ఆవిడ పాత చీర ముక్క, రెండు మడతలు. సిమెంటు దుమ్ము పట్టి, వానల్లో చెమ్మ పీల్చి, ఆరి, అట్టలా బిగుసుకుపోయింది. ఇంజినుకు గాలి అందే దారే లేదు.

అది పెట్టింది నేనే. మా వైపు దుమ్ముకి లారీలవాళ్ళూ ట్రాక్టర్లవాళ్ళూ గాలి ఫిల్టరుకి పాత గుడ్డ కట్టడం మామూలే. వాళ్ళను చూసి, కారు కొన్న వారానికే, కొత్త ఫిల్టరు వేసి దాని మీద నేనూ గుడ్డ పరిచి మూత బిగించాను. వాళ్ళు రెండు రోజులకోసారి విప్పి దులుపుతారు. నేను దులపలేదు. చూడమని మొదట చెప్పింది అన్నయ్య. అదీ, నేను పోయిందన్న ఆ చెవితోనే విని.

మెకానిక్ గుడ్డ పీకేసి, ఫిల్టరు మార్చి, స్టార్టు చేసి ఒక్క నిమిషం విన్నాడు.

"ఇంజిను గట్టిదండి మాస్టారూ. ఎవరో తెలిసినవాళ్ళే కొనిపించుంటారు" అన్నాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఇంటికెళ్ళి ఆ గుడ్డ చూపించి, అన్నయ్య కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. పోనీలే, బండి బాగుపడింది కదా అని ఎడమ చేత్తో నా తల నిమిరాడు. అన్నది వీధిలో, ఏడ్చింది ఇంట్లో. అది న్యాయం కాదనిపించి, ఆ రోజు ఉన్న ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళి తప్పు నాదేనని చెప్పుకున్నాను. వాళ్ళు మంచివాళ్ళు. మర్నాడు సాయంత్రమే ట్రాక్టరతను వచ్చి, గేటు ముందు ఆపి, స్టార్టు చేశాడు.

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. ఎప్పుడూ లేనంతసేపు విన్నాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. చివరికి, నందిగామ తీసుకెళ్ళి చూపించుకోమని పంపేశాడు.

ట్రాక్టరు వెళ్ళాక పక్కన కూర్చుని, ఇంకా నా మీద కోపంగా ఉందా అని అడిగాను.

"కోపమెందుకురా. ఇదివరకు చప్పుడు ఇంటే చాలు, తెలిసిపోయేది. ఇప్పుడు ఏ బండి ఇన్నా, తప్పు చెప్తానేమోనని భయమేస్తంది."