షీల్డు అన్న చేతికిచ్చారు

పాత కార్ల ప్రదర్శనలకని నాయన అంబాసిడర్‌ను చెన్నై నుంచి నేనే నడుపుకుంటూ, నగరి, చిత్తూరుల్లో కూడా ప్రదర్శనకు పెట్టి, తిరుపతి చేరాను. దారిలో రేడియేటర్ కాగితే నీళ్లు పోసిందీ, తెగిన బెల్టు మార్చిందీ నేనే. అన్న విమానంలో రేణిగుంటలో దిగి, ఇస్త్రీ చొక్కాతో నేరుగా ప్రదర్శన జరిగే మైదానానికొచ్చాడు.

మా కారుకు బహుమతి వచ్చింది. నిర్వాహకుడు షీల్డును అన్న చేతిలో పెట్టి, "రోంత పక్కకు జరుగమ్మా, ఫోటో తీస్తాండారు" అన్నాడు. అన్న నవ్వుతూ నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"కారు తోలింది నేనప్పా! మా అన్నకు గేరు యాడుండాదో కూడా తెలీదు," అని అరిచాను.

"ఊరుకో, అందరూ సూస్తాండారు," అన్నాడు అన్న.

"సూడనీ!"

అన్ననూ, షీల్డునూ అక్కడే వదిలేసి కారెక్కాను. అతను పిలుస్తూ వెనకే పరుగెత్తాడు. ఆపలేదు. చిత్తూరు చేరినా కోపం చల్లారలేదు.