పోటీల మేడం

ఆ కాలేజీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. పిల్లలకూ, తోటి లెక్చరర్లకూ, చివరికి గేటు దగ్గర వాచ్‌మన్‌కూ ఆమె పోటీల మేడమే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె ఒక పరిశోధన మొదలుపెట్టింది. స్టేడియంలాంటి చోట వేలమంది ఒక్కసారే ఫోన్లు తీస్తే ఎవరికీ సిగ్నల్ అందదు. ఆ తొక్కిసలాటలో ఎవరి వంతు ఎప్పుడో ఫోన్లే తమలో తాము తేల్చుకునే పద్ధతి కనిపెట్టాలని ఆమె పట్టుదల. సగం దాకా వచ్చింది కూడా. అప్పుడే ఆమె గైడు పిలిచి, ఏటా జరిగే వైర్‌లెస్ సదస్సులో విద్యార్థుల పరిశోధన పోటీ నడిపే పని నెత్తిన పెట్టాడు.

"ఈ ఒక్క ఏడాదికి చూడమ్మా. నీ పని ఎక్కడికీ పోదు" అన్నాడు.

కాదనలేకపోయింది. ఆ ఒక్క ఏడాదీ ఏటేటా వచ్చింది. దూరం నుంచి వచ్చే పిల్లల చార్జీల కోసం, బస కోసం కాళ్లరిగేలా కంపెనీల చుట్టూ తిరిగేది. భోజనాల వేళ మెల్లగా జారుకునే జడ్జీలను బతిమాలి పోస్టర్ల ముందుకు లాక్కొచ్చేది. నోరు పెగలని పిల్లల్ని మెట్ల పక్కన నిలబెట్టి పదేపదే చెప్పించేది. ఒకడికి నత్తి. స్టేజి ఎక్కనని మొండికేస్తే, "నాకు ఒక్కదానికే చెప్తున్నాననుకో, మిగతావాళ్లంతా కుర్చీలు" అని నచ్చజెప్పింది. వాడికి మొదటి బహుమతి వచ్చింది. ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేశాడు.

ఇంట్లో మొగుడు, ఊళ్లో పెళ్లికి కుక్కల హడావుడన్నట్టుంది నీ సంబడం అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. సెలవుల్లో తన ఫైలు ముందేసుకుని కూర్చుంటే చాలు, పోటీ గురించి ఎవరో ఒకరు ఫోను చేసేవాళ్లు.

ఒక ఏడు ఫైనల్ మధ్యలో మైకు మొరాయించింది. మైకువాణ్ని వెతికి తీసుకొచ్చేసరికి హాల్లో చప్పట్లు. ఎవరో అమ్మాయి గెలిచింది. సర్టిఫికెట్ మీద పేరు సరిచూసి, భుజం తట్టి పంపింది. కొన్నాళ్లకు ఆ అమ్మాయి పేపరు అచ్చయితే తీరిగ్గా చదివింది. తాను సగంలో వదిలేసిన ఆ ఫోన్ల సమస్యే. తాను ఆగిపోయిన చోటు దాటి ఆ పిల్ల చివరిదాకా వెళ్లింది, శుభ్రంగా, నిజాయితీగా. ఎవరూ ఏదీ ఎత్తుకుపోలేదు. ఆమె పని సంగతే ఆ అమ్మాయికి తెలియదు. తిట్టుకుందామన్నా మనిషి దొరకలేదు. ఆ తర్వాత తన ఫైలు జోలికి ఆమె పోలేదు.

చాలా ఏళ్లకు ప్రొఫెసర్ పోస్టుకు ఇంటర్వ్యూ వచ్చింది. బల్లకు అవతల నలుగురు కూర్చున్నారు. వాళ్లకు పెద్ద, ఒకప్పటి ఆ నత్తి పిల్లవాడే. ఇప్పుడు నత్తి లేదు. లేచి నమస్కారం పెట్టాడు. మిగతావాళ్ల ప్రశ్నలు అయ్యాక, ఇన్నేళ్లలో సొంత పేపర్లు ఇన్నేనా అని నెమ్మదిగా అడిగాడు.

"పోటీలు నడిపాను కదా బాబూ" అంది.

"అది సేవ మేడం. సేవకి మార్కులు లేవు." తలవంచుకుని చెప్పాడు.

పోస్టు వేరే ఆయనకు వెళ్లింది. నెల తిరక్కుండానే నత్తి పిల్లవాడు ఫోను చేశాడు. జరిగినదానికి బాధపడ్డాడు, తన చేతుల్లో లేదన్నాడు. చివర్లో, ఇప్పుడు సదస్సు కమిటీలో తానూ ఉన్నానని, ఈ ఏడాది పోటీ కూడా మీరైతేనే బాగుంటుందన్నాడు. వేరేవాళ్లని చూసుకో నాయనా అని ఆమె పెట్టేసింది.

సదస్సువాళ్లు ఆమె కాలేజీలోనే కొత్తగా చేరిన ఒక లెక్చరరమ్మను చూసుకున్నారు. చురుకైన పిల్ల, పరిశోధన మంచి ఊపులో ఉంది. ఎలా నడపాలో చెప్పమని సంబరంగా వచ్చింది. ఆమె ఆ పిల్లను కూర్చోబెట్టింది.

"నా మాట విని వద్దను తల్లీ. ముందు నీ పని పూర్తిచెయ్యి. ఇది ఒకసారి పట్టుకుంటే వదలదు."

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. సరే మేడం అని వెళ్లిపోయింది.

రెండు రోజుల తర్వాత స్టాఫ్ రూములో సింకు దగ్గర ఆమె కప్పు కడుక్కుంటోంది. తలుపు అవతల వరండాలో ఆ పిల్ల గొంతు వినిపించింది.

"ఆవిడకి కుళ్లండీ. తన కుర్చీ ఇంకొకరికి పోతుంటే చూడలేకపోతోంది."

ఎవరో అవునన్నారు. బయటికి వెళ్లి చెప్పడానికి ఆమె దగ్గర మాట లేకపోలేదు. కానీ ఉద్యోగంలో కొత్తగా తానున్నప్పుడు ఎవరైనా ఇలాగే అడ్డుపడితే తానూ అదే అనుకునేదని తోచింది. కప్పు బోర్లించి, చేతులు తుడుచుకుని, మొదటి ఏడాది పిల్లల క్లాసుకు వెళ్లింది.