ఏ దవాఖానలో పుట్టిందని అడిగిన రోజు

నేను భారత కబడ్డీ జట్టుకు ఎంపికయ్యానని పేపర్లో ఫోటో పడినప్పుడు కామాటిపురాలో మా గల్లీ అంతా పాలకోవా పేడాలు పంచుకున్నారు. అమ్మకు మాత్రం ఆ రోజు నుంచే కుదురు లేదు. పోటీలు విదేశంలో. పాస్‌పోర్టు కావాలి. దానికి పోలీసు ఇంటికి వచ్చి విచారిస్తాడని కోచ్ చెప్పింది.

అమ్మ నన్ను కనలేదు. అది నాకూ తెలుసు, మేముండే వరుస గదుల చాల్‌లో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తరు. రేషన్ కార్డులోనూ బడి సర్టిఫికెట్‌లోనూ నేను ఆమె కూతురినే. దత్తత కాగితమంటూ ఏదీ లేదు.

"అడిగితే నేనే కన్ననని చెప్త. నువ్వు నోరు తెర్వకు," అంది.

"నీకు అబద్ధం చెప్పుడు రాదమ్మా."

"నీ కోసం ఎందుకు రాదు?"

మూడు రోజులు వంట చేస్తూ కూడా జవాబులు గొణుక్కుంది.

పోలీసు మధ్యాహ్నం వచ్చాడు. మెట్లెక్కిన ఆయాసంతో వరండాలో స్టూలు మీద కూర్చుని మరాఠీలో మొదలుపెట్టాడు. పేరు, వయసు, ఎన్నేళ్లుగా ఉంటున్నారు. అమ్మ తడుముకోకుండా చెప్పింది. పక్క గది ఆమె తలుపు దగ్గర నిలబడి వింటోంది. నీళ్ల వంతు గొడవతో ఆమెకూ అమ్మకూ ఏళ్లుగా మాటల్లేవు. ఆమె ఏమంటుందోనని నేను ఆ తలుపు వైపే చూస్తున్నాను.

"పుట్టింది ఏ దవాఖానలో?"

దానికి మేం సిద్ధపడలేదు. నేను నోటికొచ్చిన పేరేదో చెప్పబోయాను. అమ్మ చేయెత్తి ఆపింది.

"నాకు తెల్వదు సాబ్. నేను కనలే," అంది. మరాఠీ వదిలేసి తెలుగులోకి వచ్చేసింది.

పోలీసుకు అర్థం కాలేదు. పక్క గది ఆమె ముందుకొచ్చి, అమ్మ అన్నది అన్నట్టే మరాఠీలో చెప్పసాగింది. అమ్మ ఆగకుండా చెప్పుకుపోయింది.

"వర్లిల బిల్డింగు పని నడుస్తుండె. నేను, దీని తల్లి తట్టలు మోస్తుంటిమి. పాలమూరు పిల్ల. జొరమొచ్చి నాలుగు దినాలల్ల పోయింది. మొగుడు ఊరికి పోయొస్తనని పోయి మళ్ల రాలే. అప్పటికి దీనికి ఏడాది. ఎవలన్న వస్తరేమోనని ఆ పని అయ్యేదాంక చూసిన. ఎవ్వలు రాలే. ఇంటికి తెచ్చుకున్న."

నాకు ఇందులో సగం కొత్త.

"నేను రాయకుండా ఉండలేను," అని పోలీసు అంతా రాసుకున్నాడు.

పాస్‌పోర్టు ఆగిపోయింది. అఫిడవిట్ అన్నారు, ఇంకో ఆఫీసు అన్నారు. జట్టు నన్ను వదిలి వెళ్లింది. ఫైనల్ ఫోన్‌లో చూశాను. అమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది.

"నా నోటి వల్లనే," అంది.

కోపం వచ్చిన మాట నిజం. రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. మూడో రోజు ఉండబట్టలేక అడిగాను. "నన్ను కన్నామె ఎట్లుండె?"

"పొడుగు. బరువెత్తితే మొగోళ్లు పక్కకు జరుగుదురు. నిన్ను ఎత్తుకోను ఎవ్వలకీ ఇయ్యకపోతుండె."

పాస్‌పోర్టు నాలుగు నెలలకు వచ్చింది. తర్వాతి పోటీలకు వెళ్లాను. విమానాశ్రయానికి అమ్మతో పాటు పక్క గది ఆమె కూడా వచ్చింది.