పంచెకట్టుకు తగ్గ బండి

మాది ఏలూరు. పౌరోహిత్యం చేసుకుంటాను. ఒకే ఉదయం తాడేపల్లిగూడెంలో వ్రతం, ఆకివీడులో నామకరణం పడితే పాత స్కూటరు మీద చేపల లారీల వెనకాల పాకడమే నా గతి. కిందటేడు అలాగే ఆలస్యమైంది. ఆకివీడులో చేపల చెరువులున్న ఆసామి, "పంతులుగారి కోసం ఇంకాస్త ఆగితే అన్నప్రాశన కూడా చేసేయొచ్చండీ" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఆ నవ్వు వల్లే ఆరువందల యాభై సీసీ మోటారుసైకిలు కొన్నాను. షోరూము ఆయన, "అబ్బాయిగారికాండీ?" అన్నాడు. నాకే అన్నాను. "పంచెతోనాండీ?" అన్నాడు. పంచెతోనే! పెళ్లివారి గుమ్మంలో ప్యాంటు మార్చుకోమంటాడా? మొదట చూపించిన బండెక్కితే ట్యాంకుకు సాష్టాంగపడ్డట్టుంది. నడుం నిటారుగా ఉండాలి, లారీని దాటేటప్పుడు తడుముకోకుండా లాగాలి, వెనక సంచీ కట్టుకోవాలి. ఈ మూడూ చెప్పినా ఆయన మాత్రం రంగులే చూపించాడు. చివరికి నాకు కావలసింది నేనే వెతుక్కున్నాను.

తర్వాత మా వీధి చివరి మెకానిక్కుకు రెండు పనులు చెప్పాను. హ్యాండిల్ ఎత్తు పెంచాలి. బయటికి కనిపించే చెయినుకు రేకు తొడుగు వేయాలి.

"రేకేస్తే బండి అందం పోద్దండీ."

"పోనీవయ్యా. నా పంచె ఉంటుంది."

ముఖం మాడ్చుకునే వేశాడు. బండి చీకటి పడ్డాక ఇచ్చాడు. మర్నాడు తెల్లవారుజామునే ప్రయాణం. అదే ఆసామి కొత్త ఇల్లు కట్టి, "ఈసారైనా ముహూర్తానికి దయచేయండి" అని మరీ పిలిచాడు.

కొల్లేటి దారిలో మంచు నీళ్లు కారుస్తూ పోతున్న లారీలను ఒక్కొక్కటే దాటేశాను. ఆకివీడు ఇంకా కొంత దూరముందనగా ఎడమకాలి దగ్గర పంచె ఎవరో లాగినట్టయింది. ఆపి చూస్తే కుచ్చెళ్లు వెనక చక్రం చువ్వలకు చుట్టుకున్నాయి. చక్రం పక్కన చీరకొంగులు పడకుండా ఉండే శారీ గార్డు లేదు. మెకానిక్కుకు ఫోను చేశాను.

"అదాండీ? తీసేశానండీ. ఇలాంటి బండి కొన్నోళ్లంతా ముందు అదే పీకించేస్తారండీ. దానికి డబ్బులొద్దులెండి. ఇప్పుడు బండి చూట్టానికి ఎలా ఉందండీ?"

ఫోను పెట్టేశాను. సంచీలోని చాకుతో పంచె కోసి, మిగిలినదాని మీద కండువా చుట్టుకుని వెళ్లాను. ఇంకా పొయ్యి మీద పాలు పెట్టలేదు. ముహూర్తానికి ముందే చేరాను. ఆ మాట ఎవరైనా అంటారేమోనని చూశాను. ఆసామి నా నడుం కేసి చూశాడు.

"ఏవండీ, కుక్కలు తరిమాయాండీ? ఒరే అబ్బాయ్, పంతులుగారికని కొన్న పంచెలచాపు ఇలా పట్రా. ముందు కట్టుకోనీ."

కట్టుకున్నాను. పాలు పొంగాయి, ముహూర్తం తప్పలేదు. సంభావన పళ్లెంలో తాంబూలం, దక్షిణ పెట్టారు. ఆసామి భార్య, "బట్టలేవండీ?" అంది.

"కట్టుకునే కూర్చున్నారుగా!" అన్నాడాయన. మళ్లీ అందరూ నవ్వారు. కిందటేడు నవ్వినవాళ్లే, ఒక బావమరిది అదనం.

విప్పి ఇవ్వలేను, కాదనలేను. ఆశీర్వచనంలో ఒక వేద పనస చదవకుండా మింగేసి లేచాను. ఎవరూ గమనించనైనా లేదు.