బోర్డు మింగిన అక్షరం

మాదాపూర్‌లో అప్పటికింకా భవనాలకంటే బండరాళ్ళే ఎక్కువ. అక్కడ ఒక్క గది అద్దెకు తీసుకుని వెబ్‌సైట్లు చేసిపెడతానని కూర్చున్నాను. దొరికిన ఒకే ఒక్క ఖాతాదారు కింద అంతస్తులో ముత్యాలు అమ్మే పెద్దాయన. ఆయనకి సైటు చేసిచ్చాను, చూసిన నాథుడు లేడు.

"ఏంది సారూ, ఈగలు గూడ వస్తలేవు! ఈ నెల ఒక్క బేరం గాకుంటే ఇగ బంద్ జేద్దాం," అన్నాడు. ఆయన సైటు మూస్తే నేనూ గదికి తాళం వేసుకోవాల్సిందే.

అప్పుడే అమెరికాలో ఒక సెర్చ్ ఇంజన్ మాటలకు వేలంపాట పెడుతోందని చదివాను. ఎవరైనా ఆ మాట కొట్టి వెతికితే, ఎక్కువ పాడినవాడి సైటు పైన కనబడుతుంది. కనబడినందుకు పైసా తీసుకోరు. నొక్కి లోపలికొస్తేనే మనం కట్టిన అడ్వాన్సులోంచి కోత.

"బయట నిలబడి చూస్తే ఉత్తగనే, లోపటికొస్తేనే పైసలా? మస్తుంది!" అని పెద్దాయన, దుకాణం బోర్డు కొత్తగా రాయించడానికి దాచిన డబ్బు తెచ్చిచ్చాడు.

తీరా చూస్తే ముత్యానికున్న ఇంగ్లీషు మాటకి వేలం ధర ఆకాశంలో ఉంది. అయితే పెద్దాయన దుకాణం బోర్డు రాసిన పెయింటరు నడుమ 'ఎ' మింగేసి 'పి ఇ ఆర్ ఎల్' అని ముగించాడు. ఆ స్పెల్లింగ్ కారుచౌక!

"అదే పెట్టు సారూ. బోర్డు మీద ఎట్లుంటే గట్లనే."

మర్నాడు పొద్దున్నే సైటు తెరిస్తే జనం, జనం, జనం! ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని గంతులేశాం. చాయ్‌లు తెప్పించుకున్నాం. ఆ గొప్ప ఆనందంలోనే సైటుకొచ్చిన ఈమెయిల్ ఉత్తరాలు విప్పాను. "నా ప్రోగ్రాములో తప్పు దిద్దే చిట్కా మీ సైటులో ఏ పేజీలో ఉంది?" అందరిదీ అదే ప్రశ్న.

'ఎ' లేని పెర్ల్! అదొక కంప్యూటర్ భాష. ఎదుటి భవనంలో బోలెడుమంది పొద్దస్తమానం రాసేది దాన్నే. వచ్చినవాళ్ళంతా ప్రోగ్రామర్లు, ఒక్కొక్కడి రాకకూ మా అడ్వాన్సు కరిగిపోతోంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అడ్వాన్సు అడుగంటుతుండగా ఇంకో ఉత్తరం వచ్చింది. "నా తప్పు దొరకలేదు గానీ, మీ మూడు పేటల దండ నా భార్యకి తెగ నచ్చింది. పంపగలరా?"

మెట్లు దిగానో దూకానో గుర్తులేదు. పెద్దాయనకి మొత్తం చెప్పేశాను, కంప్యూటర్ భాష సంగతితో సహా.

"అయితే ఏంది? ఆ భాషోళ్ళకు పెండ్లాలుండరా?" అని కడుపు పట్టుకుని నవ్వాడు.

ఇంకొన్ని బేరాలయ్యాక కొత్త బోర్డు రాయించాడు, ముందుదానికి రెండింతలు పెద్దది. పెయింటరు ఈసారి 'ఎ' రాయబోతుంటే పెద్దాయన పరుగెత్తుకెళ్ళి నిచ్చెన పట్టుకుని ఆపాడు.