రెండు సున్నల ఊరు

ఈ ముచ్చట ఎప్పుడో రాయాల్సింది. మనసులో లేక కాదు, రాయడం రాక రాయలేదు. ఆ రోజుల్లో మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో నా పని. పలకకు చెక్క బిగించి, గుడ్డతో తుడిచి, ఎక్కడెక్కడి పిల్లలకో పంపడమే తప్ప ఒక్కదాని మీదా అక్షరం దిద్దలేదు. (మిఠాయి దుకాణంలో షుగరున్న మనిషి పని చేసినట్టు.) యాభై మూడేళ్లు నిండాక మా కోడలు పక్కన కూర్చోబెట్టుకుని అఆలు నేర్పింది. ఇందులో తప్పులుంటే ఆమెవే.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు ఆడపిల్లల సైకిల్ యాత్ర ఒకటి బయలుదేరింది. కంభం, బేస్తవారిపేట మీదుగా గిద్దలూరు దాకా నాలుగు రోజులు. ఊరూరా ఆగి, ఆడవాళ్లు చదువుకోవాలని పాటలు పాడాలి. నడిపించేది రాత్రిబడి టీచరక్క. వచ్చేవాళ్లకు చదువు వచ్చి ఉండాలని షరతు. నాకు సైకిల్ వచ్చు, పాట వచ్చు. మూడోది కూడా వచ్చని చెప్పేశాను. "ఎంతవరకు చదివినావు?" అంటే "ఏడు" అన్నాను. (పది అంటే ఏమన్నా అడుగుతారని భయం.) అప్పటిదాకా ఇల్లు, ఫ్యాక్టరీ తప్ప నేను చూసిందేమీ లేదు. అబద్ధం బయటపడితే వెనక్కి పంపేస్తారు, అలాంటి నాలుగు రోజులు మళ్లీ రావు. మా నాయన మాత్రం "పోతే పోమ్మా, ఓణీ చైన్లో పడకుండా చూసుకో" అన్నాడు.

మొత్తం ఎనిమిది మందిమి. నేను బాగా తొక్కుతానని జెండా నా సైకిల్‌కి కట్టి ముందు పెట్టారు. "దోవ చీలిన కాడ బోర్డు చూసి కంభం పక్కకు తిరుగు" అంది టీచరక్క. నేను భయపడలేదు. నాకు బస్సుల చదువు ఉంది కదా! బస్సు మీద మార్కాపురానికి చివర ఒక సున్న, గిద్దలూరుకు సున్నే లేదు, కంభానికి రెండు సున్నలు. చీలిక దగ్గరికి రాగానే బోర్డు మీద రెండు సున్నలు చక్కగా కనబడ్డాయి. పేరు మాత్రం బస్సు మీద కంటే బాగా పొడుగ్గా ఉంది. సర్కారువాళ్లు కదా, పూర్తి పేరు రాసుంటారనుకున్నాను. ఇంకో బోర్డు ఉందేమోనని కూడా చూడకుండా గంట కొట్టి తిరిగాను. వెనకవాళ్లు పాడుకుంటూ జెండా వెంట వచ్చేశారు. టీచరక్క సైకిల్ చైను ఊడి, అప్పటికే ఆమె చాలా వెనకబడిపోయింది.

రెండు గంటలు తొక్కినా కంభం రాలేదు. బర్రెలు తోలుకొస్తున్న ఒక ముసలామెను ఆపి, "అవ్వా, కంభం ఇంకెంత దూరం?" అని అడిగాను.

"కంభానికి వీపు చూపించి తొక్కుతా, ఎంత దూరమంటావేంది మే? ఇది యర్రగొండపాలెం దోవ."

అందరూ సైకిళ్లు దిగారు. మాలో ఒకతి ఉండేది, నోరు మూయదని రేడియో అని పిలిచేవాళ్లం. "ఏడు చదివినావంట, బోర్డు చదవలేకపోయినావా? కండ్లు యాడ పెట్టినావు?" అని నా మీదికొచ్చింది.

"ఎండ కంట్లో కొట్టింది."

"మాకూ కొట్టింది. మేము తప్పు దోవలో వచ్చినామా?"

"వచ్చినారు కదా, నా ఎనకాలే."

అంతలో టీచరక్క వచ్చింది. విషయం విని నా మొహం చూసింది. "ఈ అవ్వోళ్ల ఊర్లో మాత్రం ఆడోళ్లు లేరా? ఈపొద్దు ఈడనే పాడదాం" అని అందరినీ కదిలించింది. పాడాం. అవ్వ వాళ్లు జొన్నసంగటి పెట్టారు, అంత రుచైన ముద్ద నేను మళ్లీ తినలేదు. పొద్దు వాలుతుండగా బోరింగు దగ్గర టీచరక్క నన్ను పట్టుకుంది.

"నిజం చెప్పు. ఏం చూసి తిరిగినావు?"

"రెండు సున్నలు."

ఆమె యర్రగొండపాలెం అని పెదాలు కదుపుతూ వేళ్లు ముడిచింది. గొం... లెం... అంతే, బోరింగు పిడి పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. "మిగతా అక్షరాలు ఏందనుకున్నావే?"

"పూర్తి పేరనుకున్నా అక్కా. పొద్దున్నే ఇంటికి పోతాలే."

నవ్వు ఆపేసింది. "ఈ పాటలన్నీ ఎవురి కోసమనుకున్నావు? నీయట్లాంటోళ్ల కోసమే కదా. నువ్వే ఇంటికి పోతే ఇంకెవురికి పాడాల? ఆ పిల్లలకు చెప్తావో లేదో నీ ఇష్టం, నేనైతే చెప్పను."

ఆ మాటకు ఇప్పటికీ ఆమెకు మనసులో దండం పెట్టుకుంటాను. అక్షరాలు నేర్పిస్తానని కూడా అంది. రేపు, రేపంటూ ముప్పై ఏళ్లు దాటించిన ఘనత నాదే.

మర్నాడు పొద్దున్నే వెనక్కి తొక్కుకుంటూ వచ్చి, ఆ చీలిక దగ్గరే జెండా ఆపాను. "నాకు చదవను రాదు. ఎవురన్నా బోర్డు చదివి చెప్పండి, ముందర నేనే పోతా" అన్నాను. రేడియో తన సైకిల్ నడిపించుకుంటూ నా పక్కకొచ్చి, తలెత్తి బోర్డులు రెండూ చదివింది.

"కంభం ఇట్ల. పద మే, ఎండ ముదురుతాంది."

నేను సైకిలెక్కి గంట కొట్టాను. దోవకు అడ్డం ఎవరూ లేరు, అయినా మూడుసార్లు కొట్టాను.