ఆయన ఇష్టాలు

బేకరీలో ఆమెను అందరూ క్రీమక్క అనేవారు. పుట్టినరోజు కేకుల మీద పేర్లు రాయడం ఆమె పని. బటర్ పేపరును పొట్లంలా చుట్టి, క్రీము నింపి, కొన కత్తిరించి, ఊపిరి బిగబట్టి రాసేది. చెయ్యి ఆగితే అక్షరం ముద్దవుతుంది, తొందరపడితే గీత తెగిపోతుంది. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "ఒకళ్ల కాపురం దగ్గరుండి చూశాను, అది చాలు" అని నవ్వేసేది.

ఆమె చూసిన కాపురం తన అమ్మానాన్నలదే.

తండ్రి బస్సుల గ్యారేజీలో రేకుల పని మేస్త్రి. సొట్టపడ్డ రేకును సుత్తితో కొట్టి సాపు చేయడంలో ఆయనకు మంచి పేరు. ఇంటికి వచ్చాక ఆ చేతికి పని తల్లి మీద దొరికేది. జీతం అందిన రోజున ఫైటింగ్ సినిమాకు వెళ్లేవాడు. తాగి వచ్చి, చూసిన ఫైటింగులన్నీ గది మధ్యలో చేసి చూపించేవాడు. మొదట గోడను గుద్దేవాడు, తలుపును తన్నేవాడు. పిల్లలు నవ్వాలి. నవ్వకపోతే కోపం, ఎక్కువ నవ్వినా కోపమే. చివరికి విలన్ వేషం తల్లికి పడేది.

మర్నాడు పొద్దున్నే మాంసం కొట్టుకు వెళ్లి లివర్ పొట్లం తెచ్చి వంటగట్టు మీద పెట్టేవాడు. ఆయనకు తెలిసిన క్షమాపణ అదొక్కటే. తల్లి వాచిన పెదవితో పొయ్యి దగ్గర నిలబడి, మిరియాలు నూరి, లివర్ వేయించేది. ఆ వాసన ఇల్లంతా కమ్ముకుందంటే గొడవ ముగిసినట్టే లెక్క. ఆయన మంచం మీద బాసింపట్టు వేసుకుని తింటూ పిల్లలను దగ్గరకు పిలిచి తలా ఒక ముక్క నోట్లో పెట్టేవాడు. తమ్ముడు భయంతో మింగేసేవాడు. ఆమె మాత్రం బుగ్గలో దాచుకుని వీధి చివరకు వెళ్లి ఊసేసి వచ్చేది.

ఆమె ఇంకా బడికి వెళ్తుండగానే ఆయన ఇంకో ఆవిడతో వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో లివర్ వండలేదు, ఫైటింగ్ సినిమా ఎవరూ చూడలేదు. వద్దని ఎవరూ చెప్పలేదు, అది అలా జరిగిపోయిందంతే. తల్లి పోయాక కూడా అలాగే సాగింది. టీవీలో కొట్టుకునే చప్పుడు వినిపిస్తే క్రీమక్క చెయ్యి దానంతటదే రిమోట్ మీదకు పోయేది. మాంసం కొట్టున్న వీధిలోంచి దగ్గరి దారి ఉన్నా, చుట్టూ తిరిగి బేకరీకి వెళ్లేది.

అలాంటిది, ఒక వాన రోజు ఉదయం, ఆ ఇంకో ఆవిడ ఆటోలో వచ్చి ఆయనను క్రీమక్క ఉండే మేడ మెట్ల ముందు దింపింది. పక్షవాతంతో ఆయన కుడి పక్క చచ్చుబడిపోయింది. నోరు వంకరపోయింది.

"నావల్ల అయినన్నాళ్లు చూశాను తల్లీ. నా నడుము పడిపోయింది, ఇంక ఎత్తలేను," అంది ఆవిడ. "మాట కూడా పోయింది. ఏమడిగినా 'కాదు' అంటాడు. వద్దని కాదు, ఇంకో మాట రాదంతే."

క్రీమక్క ఆవిడ చేతుల వైపు చూసింది. మోచేతి దగ్గర ఎముక సరిగ్గా అతుక్కోక వంకరగా ఉంది. ఆ చూపు ఎక్కడ ఆగిందో ఆవిడకు తెలిసింది. కొంగు కిందకు లాక్కుంది. ఆటో వెళ్లిపోయింది.

క్రీమక్క తమ్ముడికి ఫోన్ చేసింది.

"రోడ్డు మీదే ఉండనీ," అన్నాడు అతను. "నువ్వు ఆయన్ని లోపలికి రానిచ్చావంటే, నన్ను బయటికి పొమ్మన్నట్టే అక్కా."

ఆమె ఫోన్ పెట్టేసి, తండ్రి చంకల కింద చేతులు వేసి మెట్ల మీదుగా లోపలికి ఈడ్చుకొచ్చింది. ఎందుకు చేరదీశావని తర్వాత అడిగినవాళ్లకు, "వానలో తడుస్తున్నాడు. అందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు. అంతకుమించి ఏమీ అనుకోలేదు," అని చెప్పేది. అది నిజమే.

ఆయనను నాన్నా అని పిలవలేదు. మేస్త్రి గారూ అనేది. ఆ గౌరవంలోని వెటకారం ఆయనకు అందిందో లేదో తెలియదు.

"మేస్త్రి గారూ, గంజి తాగుతారా?"

"కాదు."

"మీరు నా తండ్రేనా?"

"కాదు."

"పోన్లెండి, ఇన్నాళ్లకి ఒక మంచి మాటన్నారు."

తిండి దగ్గరకు వచ్చేసరికి ఈ హాస్యం నిలవలేదు. గంజి, మెత్తటి అన్నం, పాలల్లో నానేసిన రొట్టె, ఏది పెట్టినా ఊసేసేవాడు. చొక్కా మెడ ఎముకల మీద వేలాడసాగింది. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. తెల్లవారుజామున బేకరీకి వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చే క్రీమక్కకు, ఆ మధ్య వేళలో ఆయనను కనిపెట్టుకుని ఉండటానికి కింది వాటాలోని టైలరమ్మ ఒప్పుకుంది. బట్టలు కత్తిరించే పని పైకి తెచ్చుకుని ఆయన గదిలోనే చేసుకునేది.

ఒక ఆదివారం టైలరమ్మ చిన్న గిన్నె మీద మూత పెట్టి తెచ్చింది. మూత తీయకముందే ఆయన ముఖం అటు తిరిగింది. క్రీమక్క వాసన పట్టి ఒక అడుగు వెనక్కి వేసింది. టైలరమ్మ లివర్ ముక్కను వేళ్లతో నలిపి ఆయన నోట్లో పెట్టింది. మింగాడు. మళ్లీ నోరు తెరిచాడు.

"నీకు వండటం రాకపోతే చెప్పు, నేర్పుతాను," అంది టైలరమ్మ.

"రాకేం అక్కా. చిన్నప్పట్నుంచీ చూసిందేగా," అంది క్రీమక్క.

ఆ వారం ఆమె మాంసం కొట్టున్న వీధిలో నడిచింది. కిటికీలు బార్లా తెరిచి, ముక్కుకు చున్నీ కట్టుకుని వండింది. మిరియాలు ఎప్పుడు వెయ్యాలో, మంట ఎప్పుడు తగ్గించాలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చెయ్యి అచ్చం తల్లి చెయ్యిలాగే కదులుతుంటే ఆమెకే భయం వేసింది. మొదటిసారి ఉప్పు ఎక్కువైంది. ఆయనకు పొలమారి ఊపిరి ఆగినంత పనైంది. రెండోసారి నుంచి రుచి చూడక తప్పలేదు. నాలుక చివర పెట్టుకుని, సింకులో ఊసి, నోరు కడుక్కునేది. కొన్నాళ్లకు కడుక్కోవడం మానేసింది. ఇంకొన్నాళ్లకు, ఆయనకు పెట్టడం అయ్యాక, బాణలి అడుగున మాడిన పెచ్చులను గరిటతో గోకి తింటూ తనను తానే పట్టుకుంది. దొంగతనం చేస్తూ దొరికినదానిలా బాణలిలో గబుక్కున నీళ్లు పోసేసింది.

సినిమాలు కూడా ఇలాగే ఇంట్లోకి వచ్చాయి. మధ్యాహ్నాలు పాత ఫైటింగ్ సినిమాలు వేసే ఛానల్ ఒకటుంది. అది పెడితే ఆయన గొణుగుడు ఆగుతుందని టైలరమ్మ కనిపెట్టింది. క్రీమక్క టీవీకి వీపు పెట్టి కూర్చుని ఆయనకు తినిపించేది. తెర మీద దెబ్బ పడినప్పుడల్లా ఆమె భుజాలు ముడుచుకునేవి. ఒకరోజు వెనకనుంచి చాలాసేపు ఏ చప్పుడూ రాలేదు. ఏమైందా అని తల తిప్పింది. తాళ్ల వంతెన మధ్యలో హీరో ఒక్కడే నిలబడ్డాడు, అటు చివర విలన్ తాడు కోస్తున్నాడు. ఆమె చెంచా గిన్నెలో పెట్టేసింది. హీరో ఊగుతూ వచ్చి తన్నాడు. ఆ కాలు తగలకముందే విలన్ పక్కనున్న మనిషి ఒకడు ఎగిరి గడ్డిమోపుల మీద పడ్డాడు. పడి, ఒక కన్ను తెరిచి, హీరో వెళ్లాడా లేదా అని చూసుకున్నాడు.

క్రీమక్కకు నవ్వు ఆగలేదు. ఇన్నేళ్లూ తను పారిపోయింది దీన్నుంచా అనిపించింది. ఇక్కడ ఎవరికీ పెదవి చిట్లలేదు. పడ్డవాళ్లందరూ లేచి చొక్కా దులుపుకుంటారు. ఇది చూసి ఇంటికి వెళ్లి పెళ్లాన్ని కొట్టమని ఆ హీరో ఎవరికీ చెప్పలేదు. ఆ పని మేస్త్రిదే, పూర్తిగా మేస్త్రిదే. ఈ ఆలోచన ఆమెకు ఊరట ఇవ్వలేదు. నేరం మోసేందుకు ఆయన ఒక్కడే మిగిలాడు.

ఆ తర్వాత ఆమె టీవీ వైపు తిరిగే కూర్చునేది. సినిమా మొదలయ్యేలోగా ఇంటికి చేరాలని బేకరీలో చివరి కేకులు చకచకా ముగించేది. ఏ ఫైటింగ్‌లో గుర్రం వస్తుందో, ఏ విలన్ చివర్లో మారిపోతాడో టైలరమ్మకు కథలు కథలుగా చెప్పేది.

ఆ ఫోన్ తర్వాత ఇటు అడుగు పెట్టని తమ్ముడు, తన కూతురి పుట్టినరోజు కేకు సంగతి మాట్లాడటానికి ఒక ఆదివారం వచ్చాడు. తలుపు తీసే ఉంది. మంచం పక్కన కుర్చీలో అక్క ఒళ్లో కంచం పెట్టుకుని, లివర్ తింటూ, టీవీ చూసి పగలబడి నవ్వుతోంది. మంచం మీద ఆయన కూడా వంకర నోటితో నవ్వుతున్నాడు. తమ్ముడు గడపలోనే ఆగిపోయాడు.

"అమ్మని చావగొట్టి తెచ్చే పొట్లం అది," అన్నాడు. "అది తింటున్నావా నువ్వు."

"కూర్చోరా. చెప్తాను."

"ఏం చెప్తావు? క్షమించేశానంటావా?"

"లేదు."

"మరి ఇదేంటి?"

"కూర బాగుంది. సినిమా బాగుంది. ఆయన బాగున్నాడని నేనెప్పుడన్నాను?"

"అవన్నీ ఒకటే అక్కా. నాకు ఒకటే," అన్నాడు తమ్ముడు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది. తండ్రి అతని వైపు చూసి ఎడమ చెయ్యి చాచాడు. "కాదు, కాదు," అన్నాడు. ఏం చెప్పబోయాడో ఎవరికీ తెలియదు. తమ్ముడు చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూనే మెట్లు దిగిపోయాడు. పాప కేకు ఇంకో బేకరీలో చేయించారని తర్వాత తెలిసింది.

చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆమె కంచం అందిస్తూ టీవీకి అడ్డం నిలబడింది. అప్పుడే మంచి ఫైటింగ్ నడుస్తోంది. ఆయన ఎడమ చెయ్యి లేచి ఆమె చెంప మీద పడింది. చచ్చుబడని చెయ్యిలో బలం అలాగే ఉంది. చెవిలో హోరుమంది.

క్రీమక్క కంచం పక్కన పెట్టింది. టీవీ కట్టేసింది. కుర్చీ మంచానికి ఎదురుగా జరుపుకుని, ఆయన కంచం ఒళ్లో పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. ఆయన చూస్తున్నాడు. "కాదు," అన్నాడు. ఆమె ఇంకో ముక్క నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది. "కాదు, కాదు, కాదు." ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆమె ఆగలేదు, చివరి ముక్క దాకా తిని, వేలితో కంచం తుడిచి నాకింది. ఆనాడు ఉన్నంత రుచి ఆ కూరకు అంతకుముందు ఎన్నడూ లేదు.

తర్వాత వంటగదిలోకి వెళ్లి కంచం కడుగుతూ మధ్యలో ఆగిపోయింది. చెంప నొప్పికి కాదు. కొట్టిన మర్నాడు ఆయన ఎంత ఆవురావురుమంటూ తినేవాడో గుర్తొచ్చింది. ఆయన రక్తంలోంచి తనకు వచ్చింది ఇష్టాలొక్కటేనా, ఇంకేమైనా ఉందా అనిపించింది. గంజి కాచి తెచ్చి పక్కన కూర్చుంది. ఆయన నోరు తెరిచాడు, ఊసేయకుండా తాగాడు. ఆయన బెదిరిపోయాడని ఆమెకు అర్థమైంది. అదే ఆమెకు అన్నిటికంటే అసహ్యం వేసిన సంగతి. ఈ విషయం ఆమె టైలరమ్మకు చాలా కాలం తర్వాత గానీ చెప్పలేదు.

ఆ తర్వాత ఆయన ఆట్టే కాలం బతకలేదు. రెండోసారి పక్షవాతం వచ్చింది. ఆమె బేకరీలో ఎవరి పాపదో పేరు సగం రాస్తుండగా టైలరమ్మ ఫోన్ చేసింది. ఆమె మిగతా అక్షరాలు రాసి, చేతులు కడుక్కుని బయల్దేరింది. అంత్యక్రియలకు తమ్ముడు రాలేదు. ఆ ఇంకో ఆవిడ వచ్చి, కాసేపు గోడ వారగా నిలబడి వెళ్లింది. క్రీమక్కకు ఏడుపు రాలేదు, తేలికగా కూడా అనిపించలేదు.

కొన్ని నెలలకు తమ్ముడే మళ్లీ రాకపోకలు మొదలుపెట్టాడు. పాత సంగతులు ఎత్తడు. అతనికి సెలవు ఆదివారమే. ఆమె లివర్ వండుకునేదీ ఆదివారమే. ఆ పూట వాసన తగిలితే లోపలికి రాడు, మెట్ల మీద కూర్చుంటాడు.

"నువ్వు తినేసెయ్ అక్కా, తర్వాత వస్తాను," అంటాడు.

"సరేరా," అంటుంది క్రీమక్క. తలుపు దగ్గరగా వేసి, టీవీ చప్పుడు బాగా తగ్గించి, కంచం ముందు కూర్చుంటుంది. బయట తమ్ముడు కాచుకుని ఉన్నాడని తెలిసినా తొందరపడదు. ముక్క ముక్కనూ నమిలి తింటుంది.